చేనికి పోయిండని చెప్పొద్దన్న మనిషి

ఆదివారం తెల్లవారుతుండగా మా వాడ హవల్దార్ కాక చనిపోయాడు. ముఖం కడుక్కుని, చాయ్ పెట్టమని భార్యకు, మా చిన్నమ్మకు, చెప్పి, వాకిట్లో మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. చిన్నమ్మ కేక విని గోడ దూకి మొదట చేరింది నేనే. వనపర్తి దవాఖానకు తీసుకుపోదామని ఆటో పిలిచాం. ఆటో వచ్చి ఆగేసరికే ఆయన చెయ్యి చల్లబడింది.

ఇంతే వార్త. కానీ దీన్ని అందరికంటే ముందు వినవలసిన మనిషి చెవిన పడకుండా ఆ రోజు మధ్యాహ్నం దాకా మా పెద్దమనుషులు కాపలా కాశారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. చల్లారకముందే రాస్తున్నాను. చల్లారితే నేను కూడా ‘మహా మంచి మనిషి, ఆత్మకు శాంతి కలగాలి’ అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటానేమోనని భయం.

వినవలసిన మనిషి ఆయన కూతురు. మా వాడ పిల్లలందరికీ అక్క. తండ్రి లాగే సైన్యంలో చేరింది. ఈ ఏడాది ఆఫ్రికాలో శాంతిసేనలో ఉంది. ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి మేమంతా ఇళ్లకు చేరే వేళకు ఆమె ఫోన్ వస్తుంది. హవల్దార్ కాక ఆ వేళకంటే ముందే మంచం నీడకు లాక్కుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ ఆదివారం కూడా ఫోన్ రావలసే ఉంది. రాకుండా ఎట్లా ఉంటుంది? ఆమెకేం తెలుసు?

కాక నాకు రక్తసంబంధి కాదు. పెద్దమందడి దగ్గర మా ఊళ్లో, చర్చి వెనక వాడలో, ఆయన ఇల్లూ మా ఇల్లూ గోడకు గోడ. మా తాతలూ వాళ్ల తాతలూ ఒకే మేస్త్రీ వెంట కాలువల పనికి దేశాలు తిరిగినవాళ్లు. ఆయన సైన్యంలో చేరి, చాలా ఏళ్లు చేసి, హవల్దారుగా దిగాడు. నడుమ ఒక ఏడాది ఆఫ్రికాలో శాంతిసేనకు పోయి వచ్చాడు. ఊళ్లో ఆయన్ను అందరూ అడిగేది ఒక్కటే: ‘ఎంతమందిని కాల్చినవే?’ ఆయన చెప్పేది ఒక్కటే: ‘గేటు కాడ నిలవడ్డ. గిన్నెలు గడిగిన.’ దాంతో వాళ్ల ముఖాలు చిన్నబోయేవి.

నేను ఆయనతో రోజూ కొట్లాడేవాణ్ని. వనపర్తి బస్టాండు దగ్గర, సభల దగ్గర దొరికిన కరపత్రమల్లా తెచ్చి ఆయన ముందు గట్టిగా చదివేవాణ్ని. శాంతిసేన అంటే ఎవరి శాంతి, గరీబు పిల్లలే ఎందుకు తుపాకీ పట్టాలి అని నిలదీసేవాణ్ని. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివేవాడు. మరునాడు చూస్తే అదే కరపత్రం పొట్లమై అందులో వేయించిన పల్లీలు ఉండేవి. ఒకసారి నాకు ఒళ్లు మండింది.

“ఇది విప్లవ సాహిత్యం కాకా! పల్లీలు కట్టుకునేటందుకు రాసిన్రా?”

“చదివినంకనే కట్టిన కదరా. నువ్వు చదివిందైతే నీ జేబుల నలుగుతుంది. నాది జర కడుపుకు పనికొస్తుంది. తిను. రాసినోడు అడిగింది మంచిగనే అడిగిండు, మన గరీబోళ్ల పిల్లలే ఎందుకు పోవాలె అని. నిజమే. గానీ పోయినోడు ఆడ పిచ్చోడు గాకుండ ఎట్ల బతకాలె? గది రాయలే గిండ్ల.”

ఆయనకు తెలిసిన విద్య అదే. పోయినవాడు పిచ్చివాడు కాకుండా ఎట్లా బతకాలి. సాయంత్రం చర్చి అరుగు మీద కూర్చునేవాడు. సైన్యంలో భర్తీ కోసం రోడ్డు మీద పరుగెత్తే పిల్లలు అలిసిపోయి వచ్చి చుట్టూ చేరేవాళ్లు. శిక్షణ ఇస్తామనే వాళ్లు పరుగు నేర్పుతారు, ఛాతీ కొలుస్తారు, ‘జవాన్ ఏడవడు’ అని గోడ మీద ఎర్రరంగుతో రాస్తారు. ఆ మాట వింటే కాకకు అసహ్యం. “ఏడుపొస్తే ఏడువు. గానీ తిని ఏడువు” అనేవాడు. “ఆకలి మీద ఏడిస్తే ఏది ఆకలో ఏది దుఃఖమో తెల్వదు.”

ఉప్పునుంతల నుంచి ఒక జవాను ఆయన పేరు విని వచ్చాడు. విదేశానికి పోస్టింగు పడిందట. రెండు ముఖాల గడియారం కొనుక్కున్నాడు. ఒకటి అక్కడి టైము, ఒకటి ఇంటి టైము. మురిసిపోతూ చూపించాడు. కాక ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మంచిగనే ఉంది. నువ్వు ఆడ బువ్వ తింటుంటవ్. గిది చూస్తవ్. మా అమ్మ ఇప్పుడు పండుకోని ఉంటది అంటవ్. ముద్ద దిగుతదా?”

“దిగదు సార్.”

“కాళ్లు ఆడ, తలకాయ ఉప్పునుంతల. ఒక్కటి ఆపు. ఇంటి టైము తెల్సుకోవాలంటె ఫోన్ చేసి అడుగు. మీ అమ్మకు గదొక ముచ్చటైతది.”

ఆయన కూడా మొదట్లో అట్లాగే ఉన్నాడట. క్యాంపు నుంచి బయటికి చూడబుద్ధి కాలేదట. ఒకరోజు కంచె అవతల ఆడవాళ్లు పల్లి చెట్లు పీకి కుప్ప పోసి, కాయ తెంపుతూ కనిపించారు. అచ్చం మన గోపాల్‌పేట చేన్లలాగే, గొంతుక్కూర్చుని, మాట్లాడుకుంటూ. పైవాళ్లను అడిగి, సెలవు పూట పోయి వాళ్ల పక్కన కూర్చుని తెంపాడు. వాళ్లకు ఈయన భాష రాదు, ఈయనకు వాళ్లది రాదు. ఒక ముసలామె ఈయన చెయ్యి చూసి నవ్విందట, ఇది పని తెలిసిన చెయ్యే అన్నట్టు. “గా దినం రాత్రి నిద్ర పట్టింది” అనేవాడు. “పరాయి దేశంల ఉన్నన్ని దినాలు నీ చేతికి ఎరికైన పనొకటి వెతుక్కో.” సాయంత్రాలు మాతో మాట్లాడుతున్నా ఆయన వేళ్లు కాయలు ఒలుస్తూనే ఉండేవి.

అన్నిటికంటే ఆయన గట్టిగా పట్టుకున్నది మాత్రం ఫోన్ సంగతి. దానికి కారణం ఆయన తల్లి.

ఆయన ఆఫ్రికాలో ఉన్న ఏడాదే ఆమె పోయింది. అప్పుడు మా వాడలో సెల్‌ఫోన్లు లేవు. పెద్దమందడిలో ఒక దుకాణం ఫోన్‌కు ఆయన చేస్తే, ఆయన అన్న, అంటే మాకు పెద్దనాయిన, పోయి మాట్లాడేవాడు. అమ్మేదంటే ‘చేనికి పోయింది’ అన్నాడు. తర్వాత చేసినా చేనికే. ఆ తర్వాతా చేనికే. ఎండాకాలం అది. మా మెట్ట చేన్లలో ఎండాకాలం ఏం పని ఉంటుంది? ఆ మాట అంతదూరంలో ఉన్నవాడికి తట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు తల్లికని పెద్ద పెద్ద పూల బట్ట ఒకటి తెచ్చాడు.

“వాకిట్ల నిలవడి ‘అమ్మా’ అన్న. అన్న బయటికొచ్చిండు. మొఖం చూస్తె తెలిసిపాయె,” అని నాకు చెప్పాడు ఒకసారి, పల్లీలు ఒలుస్తూనే. “ఏ దినం పోయింది అని అడిగిన. చెప్పిండు. గా దినం నేనేం చేసిన్నో యాది చేసుకున్న. వాలీబాల్ ఆడినం. గెలిచినం. మస్తు నవ్విన కొడుకా. ఈడ మా అమ్మను బొందల పెడుతుంటె నేను ఆడ నవ్విన. రాలేకపోతి, గది వేరే. నవ్విన! మా అన్న నన్ను కాపాడిన్ననుకున్నడు. నా ఏడుపు దొంగతనం చేసిండు.”

అన్నను మాత్రం ఒక్క మాట అనలేదు. ఒకే వాకిలి, ఒకే బావి, పండక్కి ఒకే పొయ్యి. అనకపోవడమే పెద్దనాయినను లోపల తినేసింది. పెద్దనాయిన ఫోన్ మోగితే ఎత్తడు. ఎవరిదైనా సరే, పక్కవాళ్లకు ఇస్తాడు.

అప్పటి నుంచి హవల్దార్ కాక ఏ ఊళ్లోనైనా దూరదేశం పోయిన జవాను ఇంట్లో చెడ్డ వార్త ఉందని తెలిస్తే సైకిలెక్కి పోయేవాడు. గోపాల్‌పేటకు నన్నూ తీసుకుపోయాడు. ఆ ఇంట్లో చిన్నపిల్లకు జ్వరం ముదిరి దవాఖానలో పెట్టి, అప్పుడే ఇంటికి తెచ్చారు. తండ్రి విదేశంలో డ్యూటీలో ఉన్నాడు. ఆ జవాను తల్లి గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

“ఓ మిలిట్రాయనా, మా ఇంటి ముచ్చట్ల నీకేం పని? నా కొడుకు ఆడ పరేషాన్ గావాల్నా?”

“కావాలె అక్కా. బిడ్డకు జరమొస్తె నాయిన పరేషాన్ గాకుంటె ఇంకెవరైతరు, నేనా?”

“పిల్లకు తగ్గింది కదా! తగ్గినంక చెప్పుడు దేనికి?”

“తగ్గింది గనకనే చెప్పు. రేపు తగ్గని దినం గూడ నీ మాట నమ్మాలె కదా.”

ముసలామె గొణుక్కుంటూ పక్కకు జరిగింది. కోడలు ఫోన్ తెచ్చింది. కాక పక్కన కూర్చుని చెప్పాడు: “మొదలు పక్కల ఎవరున్నరో అడుగు. ఉంటె చెయ్యి పట్టుకోమను. తర్వాత చెడ్డది చెప్పు. చెడ్డది మొదలు. మంచిది ఆఖరికి. ఎనకముందు చేసినవో, మంచి మాట చెప్పినంతసేపూ ‘ఇంకేందో ఉంది’ అని పానం కొట్టుకుంటుంది.” ఆమె అట్లాగే చెప్పింది. అవతల మొగుడు ‘ఎప్పటి నుంచి?’ అని అడిగాడు. తర్వాత ఏడ్చాడు. తర్వాత పిల్లను ఇమ్మన్నాడు. పిల్ల ఫోన్లో ‘నాయినా, నాకు సూది గుచ్చిన్రు’ అని ఫిర్యాదు చేసింది. ముసలామె మాకు చాయ్ పోసింది. కాకకు కొంచెం ఎక్కువే పోసింది.

అక్క బయలుదేరిన రోజు మేమంతా వనపర్తి బస్టాండులో ఉన్నాం. కాక అందరి ముందూ, పెద్దనాయిన ముందు కూడా, బిడ్డతో అన్నాడు: “నాకేమన్న అయితే గా పూటనే చెప్తరు. ఎవ్వరూ ఏం చెప్పలేదంటె నేను బతికున్నట్టే. నిమ్మళంగ డ్యూటీ చేస్కో.” చిన్నమ్మతో చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. అక్క ‘ఏం మాటలివి నాయినా’ అని కసిరి బస్సెక్కింది. కానీ ఆ మాట నమ్ముకునే పోయింది. ప్రతి రాత్రీ ఏ కబురూ రాకపోతే, నాయిన బతికే ఉన్నాడని పడుకున్న మనిషి ఆమె.

ఇదంతా తెలిసినవాళ్లే ఆ ఆదివారం వాకిట్లో కూర్చున్నారు.

పొద్దెక్కేసరికి చిన్నమ్మ తమ్ముడు, గద్వాల మామ, కారులో దిగాడు. ప్రేమ ఉన్న మనిషే, కాదనను. గొంతు మాత్రం ఊరంత. వచ్చీ రాగానే బావ శవం మీద పడి ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని లేచి, మంచం కోడు పక్కనున్న కాక ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.

“సాకు, సాకు. ఇంగ ఏడిసింది చాలు. బిడ్డకు మాత్రం ఎవ్వరు చెప్పకుర్రి. ఆడిపిల్ల. దేశం గాని దేశం. తట్టుకోలేదు. డ్యూటీ అయిపోయి వచ్చినంక నిమ్మళంగ చెప్పుకుందాం.”

పాస్టరు తల ఊపాడు. సర్పంచు మనుషులు తల ఊపారు. నేను ఊరుకోలేదు.

“మామా, ఆమె తుపాకి పట్టుకోని ఎడార్ల నిలవడ్డది. ఊళ్లె మీరందరు భయపడే చీకట్ల ఒక్కతే పహరా కాస్తుంది. ఆమె తట్టుకోలేదా? తట్టుకోలేనిది మీరు.”

“నీకేం తెల్సురా? రెండు కాయితాలు చదివి పెద్దోని లెక్క మాట్లాడకు. చెప్తె వస్తదా? రాలేదు. రానప్పుడు చెప్పి ఏం లాభం?”

ఇదే నాకు మండేది. ఏం లాభం! దుఃఖం కూడా లాభం చూసుకుని పంచాలా? తండ్రి చావు వార్త ఏమైనా గద్వాల మామ సొత్తా, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో ఆయన నిర్ణయించడానికి? కాకకు ‘ఆడపిల్ల’ అనే మాటతో బిడ్డను ఆపాలని ఒక్కనాడూ తోచలేదు. ఆయన ఊపిరి ఆగిన పూటే ఆ మాట ఆ ఇంట్లోకి దూరింది.

ఇంకో వింత చెప్పాలి. ఆ సరికే ఒక చిన్న నాయకుడు కాక ఫొటోకు బంతిపూల దండ చుట్టి, కింద తన ఫొటో అంతకంటే పెద్దది పెట్టి, ‘వీర జవానుకు కన్నీటి వీడ్కోలు’ అని ఊరి గ్రూపులో వేశాడు. అక్క ఆ గ్రూపులో ఉంది! బిడ్డకు చెప్పొద్దట, లోకానికి చెప్పొచ్చట. డ్యూటీ దిగి ఫోన్ తెరిస్తే, తండ్రి పోయిన సంగతి ఆమె ఆ నాయకుడి మీసాల కింద చదువుకోవాలన్నమాట. నేను పోయి కాలర్ పట్టుకున్నంత పని చేసి ఆ ఫొటో తీయించాను. ఎవరైనా అప్పటికే చూశారో లేదో దేవుడికే తెలియాలి.

ఇక నేనే మెసేజ్ పెడతానని ఫోన్ తీశాను. చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. తెల్లవారి నుంచి ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పూర్తిగా పోయింది. గాలి మాత్రమే వస్తోంది.

“రాయకు బిడ్డా. ఆయన రాయమనలే. గొంతుతోని చెప్పమన్నడు. నేను మాటిచ్చిన... నాకు గొంతు వస్తలేదు.”

పెద్దనాయిన దూరంగా గోడకు ఆనుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. ఆయన వైపు చూశాను. ఆయన చూడలేదు.

ఆరాధన ఆ రోజు తొందరగా ముగించారు. జనమంతా వాకిట్లోకి వచ్చారు. శవపెట్టె వచ్చింది. అప్పుడు గద్వాల మామ జేబులో ఫోన్ మోగింది. పాటలు పాడేవాళ్లు ఆగిపోయారు. మామ కట్ చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. చేస్తే అనుమానం వస్తుందని కాబోలు, ముఖం మీదికి నవ్వు తెచ్చుకుని ఎత్తాడు. కంగారులో వేలు తగిలి స్పీకర్ కూడా పడింది.

“ఆఁ బిడ్డా! బాగున్నవా? నేను, మామను. ఏ, ఊకెనే వచ్చిన, మీ అమ్మను చూద్దామని. తిన్నవా?”

“తిన్న మామా. నాయినకియ్యి.”

“నాయినా... నాయిన చేనికి పోయిండు.”

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆ పాత సంగతి మామకు తెలిసి ఉండి అనలేదు. మన ఊళ్లలో మనిషి లేడని చెప్పడానికి నాలుక మీదికి అదే వస్తుంది, అంతే. వాకిట్లో తలలన్నీ పెద్దనాయిన వైపు తిరిగాయి.

“ఆదివారం చేనికేంది మామా?” అంది అక్క. గొంతు మారిపోయింది. “నాయిన ఆదివారం చేనికి ఎన్నడు పోయిండు?”

మామ నోరు తెరిచాడు. అప్పుడు పెద్దనాయిన లేచాడు. ఏ ఫోనూ ఎత్తని మనిషి. జనంలోంచి నడిచొచ్చి, చెయ్యి చాపి, “ఇటియ్యి” అన్నాడు. మామ ఇచ్చేశాడు.

“బిడ్డా, పెద్దనాయినను. పక్కల ఎవరన్న ఉన్నరా?”

“...ఉన్నరు. నాతోటి అమ్మాయి ఉంది.”

“చెయ్యి పట్టుకోమను. పట్టుకుందా? మొదలు చెడ్డది చెప్త. మీ నాయిన పోయిండు బిడ్డా. ఇయ్యాల పొద్దుగాల. చేనికి గాదు.”

అవతల నుంచి వచ్చిన ఆ శబ్దాన్ని నేను రాయను. అది ఆమెది. పెద్దనాయిన ఫోన్‌ను చెవి నుంచి దూరం జరపలేదు. మొత్తం విన్నాడు. ఆమె ఊపిరి తీసుకున్నాక మళ్లీ మొదలుపెట్టాడు.

“ఇగ మంచిది చెప్పాలె. మంచిది...” వెతుక్కున్నాడు. “చాయ్ అడిగిండు బిడ్డా. నొప్పి పడలే. మీ అమ్మ గీడనే ఉంది. గొంతు పోయింది, మనిషి మంచిగనే ఉంది. నేను నీకు దాస్తలేను. నా తాన మంచిది గింతే ఉంది.”

అక్క అడిగింది: “పెద్దనాయినా, ఎప్పుడు తీస్కపోతున్నరు?”

“ఇప్పుడే.”

“ఫోన్ పెట్టెయ్యకు. నేనేం మాట్లాడ. ఊకెనే పట్టుకో.”

పెట్టె లేచింది. డప్పు మోగింది. పెద్దనాయిన ఫోన్‌ను అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని, నిండుగా నీళ్లున్న గిన్నెను తొణక్కుండా తీసుకుపోతున్నట్టు, పెట్టె వెనకే నడిచాడు. వాడ దాటకముందే ఫోన్ ఛార్జింగ్ అయిపోతోందని కూత పెట్టింది. ఎవరో ఒక పవర్ బ్యాంకు తెచ్చారు. దాని వైరు మూరెడు కూడా లేదు. ఎవరు పట్టుకోవాలని చూస్తుంటే, గద్వాల మామ అందుకుని, తన అంగీ పై జేబులో వేసుకున్నాడు.

బొందల గడ్డ దాకా ఎండలో వాళ్లిద్దరూ అట్లాగే నడిచారు. ఒకప్పుడు ‘చేనికి పోయింది’ అన్న మనిషీ, ఇప్పుడు ‘చేనికి పోయిండు’ అన్న మనిషీ, భుజానికి భుజం ఆనించి, ఆ పొట్టి తెల్ల వైరు ఊడిపోకుండా ఒకరి అడుగు ఒకరు చూసుకుంటూ. మట్టి వేసేటప్పుడు పెద్దనాయిన వంగాడు. మామ కూడా వంగాడు. ఫోన్లో, చాలా దూరంలో, ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.